వెలుగు నిజము, దారి తప్పు

మా పాఠశాలలో పదవ తరగతి చదువు బాలుడొకడు మొన్న నన్నొక చిక్కు ప్రశ్న యడిగెను. ఆంగ్ల పాఠములో ‘మిస్‌లీడింగ్’ అను మాట వచ్చినది. నేను అలవాటు చొప్పున నల్లబల్లమీద దాని కెదురుగ ‘అబద్ధమైన’ యని వ్రాసి ముందునకు సాగితిని. ఆ బాలుడు లేచి, “మాస్టారూ, ‘ఫాల్స్’ అన్న మాటకి కూడా నిరుడు మీరు ఇదే అర్థం చెప్పేరండి. రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకండి?” అనెను. తరగతిలో కొందఱు నవ్విరి. నేను నవ్వలేకపోతిని. ఇరువది యేండ్లుగా నేనా రెండు మాటలను ఒకే గోతిలో పూడ్చుచు వచ్చితినని ఆ క్షణమున నాకు తెలియవచ్చెను.

ఇది నిఘంటువు తగవు మాత్రమే యైనచో ఈ పత్రిక పుటలను నేను వాడుకొనకుందును. ఆ రెండు మాటల నడుమ నున్న సందులోనుండియే నేడు మన యిండ్లలోనికి వస్తువులును, పానీయములును, చదువులును, పెండ్లి సంబంధములును చొరబడుచున్నవి. ఆ సందునకు మనము పేరు పెట్టుకొనలేదు. పేరు లేనందువలన మోసపోయినవాడు తాను మోసపోయితినని చెప్పుకొనుటకైన మాట దొరకక, తన తెలివితక్కువతనమునే నిందించుకొని యూరకుండుచున్నాడు. చదువరులారా, నా మొఱ దీనిని గూర్చియే.

ముందు మాట యొక్క శరీరమును చూతము. ‘లీడ్’ అనగా ముందు నడచి దారి చూపుట. ‘మిస్’ అను నుపసర్గ ఆ దారిని తప్పుదారిగా మార్చును. అబద్ధమాడుట యను పని పలికినవాని నోటితోనే ముగియును. నమ్మినవా డున్నను లేకున్నను అబద్ధ మబద్ధమే. తప్పుదారి పట్టించుట యన్నచో పని యచ్చట ముగియదు. ఎవనిని పట్టించెను? అతడు తుద కెక్కడ చేరెను? అను రెండు ప్రశ్నలు వెంటనే పుట్టును. ‘ఫాల్స్’ అను మాట పలుకును తూచును. ‘మిస్‌లీడింగ్’ అను మాట ఆ పలుకు వినినవాడు వెళ్లి చేరిన చోటును చూపును. పలుకులో ఒక్క యక్షరమైన అసత్యము లేకుండవచ్చును. వినినవాడు మాత్రము గోతిలో పడియుండవచ్చును.

సముద్రపు టొడ్డున నుండు మావంటివారికి దీనిని గ్రహించుట కష్టము కాదు. మా విశాఖపట్టణపు లోపలి రేవు 1933లో తెఱవబడినది. దానిలోనికి పోవు ఓడ డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కగా నున్న యిరుకైన కాలువలో మెలకువతో నడవవలెను. ఇట్టి యిరుకు త్రోవలుగల రేవులలో నావికులకు దారి చూపుటకై గట్టుమీద రెండు దీపము లుంచు పద్ధతి లోకమందంతటను కలదు. ముందరిది పల్లమునను, వెనుకది మిట్టను నుండును. ఓడనుండి చూచువానికి ఆ రెండును ఒకదానిమీద నొకటి నిలువుగా కనబడినంతసేపు ఓడ సరియైన త్రోవలో నున్నదని యర్థము. ఆంగ్లేయులు వీనిని ‘లీడింగ్ లైట్లు’ అందురు. ఇప్పుడొక దుర్మార్గుడు వచ్చి, దీపము నార్పక, దాని రంగు మార్చక, ఒక దీపమును మాత్రము కొన్ని బారలు ప్రక్కకు జరిపెననుకొనుడు. రెండు దీపములును వెలుగుచునే యుండును. రెండును నిజమైన దీపములే. నావికుడు వానిని నమ్మి, తన విద్య చొప్పుననే నడచి, ఓడను ఱాతికి కొట్టును. విచారణలో ఆ దుర్మార్గుడు, “నేను దీప మార్పితినా? అబద్ధపు దీపము పెట్టితినా?” యని వాదించినచో మనమేమందుము? దీపములు నిజములే గాని వాని పొందిక తప్పు. మిస్‌లీడింగ్ అను మాట చెప్పునది ఆ పొందికను గూర్చియే.

ఈ మాటలోనే మఱియొక సూక్ష్మము కలదు. దారి తప్పించినవానికి దురుద్దేశ ముండితీరవలెనను నియమము లేదు. దీపమును కావలెనని జరిపినను, గాలికి జరిగిన దీపమును సరిచేయక యుపేక్షించినను, ఓడకు కలుగు గతి యొకటియే. బుద్ధిపూర్వకమైన వంచనను చెప్పదలచినప్పు డాంగ్లేయులు ‘డిసెప్టివ్’ అను వేఱొక మాటను తఱచుగా వాడుదురు. కనుక ‘నా మనసులో పాపము లేదు’ అనునది వంచన యను నేరమునకు సమాధానము కావచ్చును గాని, దారి తప్పించితివను నేరమునకు సమాధానము కానేరదు.

ఇక మాటను విడిచి మనుష్యులకడకు వత్తము. 2024వ సంవత్సరపు వేసవిలో, ఉక్కు కర్మాగారములో షిఫ్టు పనికి పోవు మా పొరుగింటి గృహస్థుని బిడ్డకు, రెండేండ్లు నిండనిదానికి, విరేచనములు పట్టుకొనెను. తండ్రి రాత్రి షిఫ్టులో నుండెను. తల్లి తెలుగు మాధ్యమమున ఇంటర్మీడియెట్ వఱకు చదివినది, బుద్ధిమంతురాలు. విరేచనములకు ‘ఓఆర్ఎస్’ పట్టవలెనని గోడమీది బొమ్మలలో చూచినది, ఆరోగ్య కార్యకర్త నోట వినినది. మందుల షాపులో ఆ మాటే చెప్పి యడిగెను. అతడొక చిన్న అట్టపెట్టె నిచ్చెను. దానిమీద పండ్ల బొమ్మయు, పెద్ద యక్షరములతో నా మూడు వర్ణములును ఉండెను. తెల్లవాఱులోగా మూడు పెట్టెలు పట్టించెను. బిడ్డకు విరేచనములు హెచ్చినవి, కన్నులు గుంటలు పడినవి. తెల్లవాఱుజామున ఆమె మా తలుపు తట్టినప్పుడు నేనా పెట్టెను వెలుతురునకు పట్టి చూచితిని. ప్రక్కవైపున, ఆవగింజవంటి యాంగ్లాక్షరములతో, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదని వ్రాసియుండెను!

బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోతిమి. నరమునకు సెలైను కట్టిరి. మూడవ నాటికి బిడ్డ కోలుకొనెను. ఆ పానీయమే రోగమును పెంచినదని వైద్యుడను కాని నేను తీర్పు చెప్పను. కాని ఆ తల్లి యాసుపత్రి వసారాలో కూర్చుండి పలికిన మాటను మఱచిపోలేను. “డబ్బా మీద ఓఆరెస్ అనే ఉంది కదండి మాస్టారూ. ఇంగ్లీషు చదువుకోలేదు కాబట్టి నేనే నా బిడ్డకి ఇలా చేసేను” అనెను. ఆమె నేరము చేయలేదు. అయినను నేరస్థురాలి మొగము ఆమెదే యయ్యెను. అమ్మినవాడు, చేసినవాడు, అనుమతించినవాడు ఆ రాత్రి హాయిగా నిద్రించియుందురు.

ఆ మూడు వర్ణముల వెనుక నున్న సంగతి యెట్టిదో చదువరులు తెలిసికొనవలెను. విరేచనముల రోగి ప్రేగులనుండి నీరును ఉప్పును వెడలిపోవును. చక్కెర తగినంత పాలులో నున్నప్పుడు ప్రేగు ఉప్పును తనలోనికి లాగుకొనును; ఉప్పు వెంట నీరు పోవును. ఈ రహస్యముమీదనే ఆ ద్రావణము నిలిచియున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుండి చెప్పుచున్న పాలు ప్రకారము ఒక లీటరు నీటిలో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాసియము క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియము సిట్రేటు 2.9 గ్రాములు, మొత్తము 20.5 గ్రాములు ఉండవలెను. చక్కెర మితిమీరినచో ప్రేగు నీటిని పీల్చుటకు మాఱుగా శరీరములోని నీరే ప్రేగులోనికి దిగును, విరేచనములు హెచ్చును. పాలు తప్పినచో మందే రోగమునకు తోడగును.

ఈ ద్రావణము పేరు ఊరక సంపాదించినది కాదు. 1971లో బంగ్లాదేశ యుద్ధకాలమున బనగాఁవ్ శరణార్థుల శిబిరములో కలరా ప్రబలి, సూదిమందుగా నెక్కించు ద్రవము చాలకపోగా, వైద్యుడు దిలీప్ మహలనబీస్ ఉప్పును గ్లూకోజును నీటిలో కలిపి తల్లులచేతను బంధువులచేతను త్రాగించెను. నూటికి 30 మంది వంతున చచ్చుచున్న చోట ఆ సంఖ్య 4కు లోబడెను. అప్పటినుండి యీ యేబది యేండ్లలో కోట్లకొలది తల్లులు ఆ మూడు వర్ణములను అభయహస్తముగా గుర్తించిరి. ఆ నమ్మకమును కూడబెట్టినది వైద్యులు, ఆరోగ్య కార్యకర్తలు, ప్రజల ధనము. దానిని అట్టపెట్టెమీద ముద్రించి పండ్లరసము వెలకు అమ్ముకొన్నది వేఱొకరు.

దీనిమీద యుద్ధము చేసినది మన తెలుగునాటి వైద్యురాలే. హైదరాబాదులో పిల్లల వైద్యురాలైన శివరంజనీ సంతోష్ గారు సుమారు ఎనిమిదేండ్లు ఉత్తరములు వ్రాసి, జనులకు చెప్పి, న్యాయస్థానము మెట్లెక్కి పోరాడిరి. దేశపు ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2022 ఏప్రిలులో, ఆ పాలుకు సరిపడని పానీయములమీద ఆ పేరు వాడరాదని యాజ్ఞ యిచ్చెను. అదే 2022 జూలై 14న మెత్తబడి, పేరునకు ముందో వెనుకో వేఱొక మాట చేర్చి, ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదు’ అని ప్రకటించినచో వాడుకొనవచ్చునని సడలించెను. మా పొరుగింటి తల్లి కొన్నది ఆ సడలింపు నీడలో పెరిగిన పెట్టెనే. తుదకు 2025 అక్టోబరు 14న ఆ సంస్థయే తన సడలింపులను ఉపసంహరించుకొని, అట్టి పేళ్లు కొనువారిని తప్పుదారి పట్టించునవి యని యొప్పుకొనెను. చూచితిరా! ఆ మాటయే! మూడేండ్లకు పైగా ‘పేరు అది, వస్తువు అది కాదు’ అను ప్రకటన చట్టబద్ధముగా మన బిడ్డల నోటి కందినది.

దీనిని సమర్థించువారి వాదములు మూడు. మొదటిది: “మేము సత్యమునే వ్రాసితిమి. ఇది ఓఆర్ఎస్ కాదని పెట్టెమీదనే యున్నది. చదువనిది మీ తప్పు.” ఈ వాదమున కుత్తరము వెదకుటకు సీమకు పోనక్కరలేదు. మన న్యాయశాస్త్రమున గౌతముడు ఛలమును మూడు విధములుగా విభజించి, అందు వాక్ఛలమును మొదట చెప్పెను. ‘నవకంబలము’ కలదని యొకడన్నచో, క్రొత్త కంబళి యని యతని భావము. ఎదిరివాడు ‘నవ’ శబ్దమునకు తొమ్మిది యని యర్థము చేసి, “తొమ్మిది కంబళ్లెక్కడ?” అని గేలిచేయును. వినువాని యెఱుకలో నున్న యర్థమొకటి, తప్పించుకొనుట కుంచుకొన్న యర్థము వేఱొకటి. పెద్ద యక్షరము లొక యర్థమునకు, చిన్న యక్షరములు వేఱొక యర్థమునకు! తార్కికులు దీనిని ఓటమిలో నున్నవాని యుపాయముగా నెంచిరి. మనవారు దీనిని వ్యాపార నైపుణ్య మనుచున్నారు.

సత్యమునకు మన పెద్దలు చెప్పిన లక్షణమును కూడ విచారింతము. యోగసూత్రముల భాష్యములో వ్యాసుడు, మాట యనునది తన యెఱుకను ఎదుటివానిలోనికి ప్రవేశపెట్టుటకే పుట్టినదనియు, అది వంచించునదిగాను, భ్రమపెట్టునదిగాను, అర్థము నందింపనిదిగాను ఉండరాదనియు చెప్పెను. దానిని వివరించుచు వాచస్పతి మిశ్రుడు ఉదాహరించినది ధర్మరాజునే. ఏనుగును మనసులో నుంచుకొని అశ్వత్థామ చచ్చెనని ద్రోణునితో ననుట పలుకున నిజము, ఫలమున వంచన. అంతవఱకు నేలకు నాలుగంగుళములమీద నడచుచుండిన ధర్మరాజు రథము ఆ మాటతో నేలకు దిగెనని భారతము చెప్పుచున్నది. ‘కుంజరము’ అను మాటను మెల్లగా పలికెనని మనము హరికథలలో విని ముసిముసి నవ్వులు నవ్వుదుము. ఆవగింజ యక్షరములు ఆ మెల్లని పలుకే గదా! భారతమున రథము దిగినది. ఇచ్చట లాభము పైకెక్కినది.

రెండవ వాదము: “చట్టమే యనుమతించినది గదా.” చట్టము చెప్పినది వినుడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకటనను మూడు నాలుగు తీరులుగ తప్పుపట్టుచున్నది. వస్తువును అబద్ధముగ వర్ణించుట యొకటి. దాని స్వభావమును, గుణమును గూర్చి కొనువారిని తప్పుదారి పట్టించుట కవకాశ మిచ్చుట వేఱొకటి. ముఖ్యమైన సంగతిని కావలెనని దాచుట మఱొకటి. నేను నల్లబల్లమీద కలిపివేసిన రెండు మాటలను చట్టము విడివిడిగానే ఉంచినది. ఆ చట్టము క్రింద 2022 జూన్ 9న వెలువడిన మార్గదర్శకములు, ప్రకటనలోని ముఖ్యమైన మాటను దానికి చేర్చిన సంజాయిషీ ఖండింపరాదనియు, తప్పుదారి పట్టించు మాటను సంజాయిషీతో దిద్దజూడరాదనియు, రెండును ఒకే భాషలో నుండవలెననియు చెప్పినవి. ప్రకటనలకు ఈ నీతి విధింపబడిన అయిదు వారములకే వేఱొక కచేరి పెట్టెమీది పేరునకు దానికి విరుద్ధమైన సడలింపు నిచ్చినది! ఒక చేత దీపమును సరిచేసి, రెండవ చేత ప్రక్కకు జరుపుటకు ఇంతకంటె నిదర్శనము వలయునా?

మూడవ వాదము అన్నిటికంటె క్రూరమైనది: “కొనువాడు జాగ్రత్తగా నుండవలెను.” అర్ధరాత్రి బిడ్డను భుజమున వేసికొన్న తల్లికి భూతద్దమును, ఆంగ్ల పాండిత్యమును, రసాయన శాస్త్రమును ఉండవలెనట! ఇది దీపమును జరిపినవాడు నావికునితో, “నీవు సముద్రపు లోతును బారవేసి కొలుచుకొనవలసినది” అనుటవంటిది. దీప మున్నది ఆ శ్రమను తప్పించుటకే. గుర్తును నమ్ముట మూర్ఖత్వ మైనచో గుర్తులెందులకు?

ఇంతవఱకు ఒకవైపు చెప్పితిని. ఈ మాటను రెండవవైపునుండి చెఱచువారు కూడ కలరు. పచ్చి యబద్ధమును అబద్ధ మనుటకు ధైర్యము చాలక, ‘ప్రకటన కొంత మిస్‌లీడింగ్‌గా నున్నది’ అని మెత్తని పరుపు వేయుట నేడు సభలలోను పత్రికలలోను అలవాటైనది. లేని వస్తువు కలదన్నవాడు, జరుగని పని జరిగినదన్నవాడు అబద్ధీకుడు. అతనికి ఈ మాట నిచ్చుట దొంగకు దుప్పటి కప్పుటయే. నిజమైన పలుకులతో దారి తప్పించినవానికి దీనిని దాచియుంచుడు. లేనిచో ఈ మాటయే ఒక జరిపిన దీపమగును.

కంపెనీలను దూషించి చేతులు కడుగుకొనుట సులభము. మన యిండ్ల సంగతి యేమి? మా యూరిలో పెండ్లి మాటలలో, “పిల్లవాడికి స్టీలుప్లాంటులో పని” అందురు. పిల్లవాడు ప్రతిదినమును ఆ గేటులోనికి పోవుచున్న మాట నిజమే. కంట్రాక్టరు క్రింద పోవుచున్నాడను సంగతి పెండ్లి పీటలమీద తెలియును. “అమ్మాయికి కొంచెము నలత చేసింది, తగ్గిపోయింది” అను మాట వెనుక నెన్ని యాసుపత్రి కాగితము లుండునో! ఇరువైపులవారును అబద్ధ మాడలేదని దేవునిమీద ప్రమాణము చేయగలరు. ఇట్లు కట్టిన కాపురములలో మొదటి సంవత్సరమే నమ్మకము చచ్చిపోవుచున్నది.

నా వృత్తి సంగతి మఱింత సిగ్గుచేటు. పరీక్షాఫలితములు వచ్చిన మఱునాడు ఒకే బాలిక ఛాయాచిత్రము రెండు మూడు సంస్థల ప్రకటనలలో కనబడును. ఒకచోట రెండేండ్లు చదివినది. మఱియొకచోట నెలదినములు మాదిరి పరీక్షలు మాత్రమే వ్రాసినది. “మా విద్యార్థినియే” అను మాట ఇద్దఱియందును నిజమే! 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ శిక్షణాలయముల ప్రకటనలకు ప్రత్యేక నియమములు చేసి, ర్యాంకు ప్రక్కన ఆ విద్యార్థి యే కోర్సు చదివెనో చెప్పవలెననవలసి వచ్చెను. నేను పూర్వము పనిచేసిన యొక పాఠశాలలో వార్షికోత్సవమున ‘నూటికి నూఱుమంది ఉత్తీర్ణులు’ అని నివేదిక చదివినవాడను నేనే. వెనుకబడిన అయిదుగురు పిల్లలను ముందుగానే నచ్చజెప్పి పరీక్షకు కూర్చుండనీయలేదని నాకు తెలియును. సంఖ్య నిజము. చప్పట్లు కొట్టిన తల్లిదండ్రులు చేరిన నిశ్చయము తప్పు. ఆ దినమున నేను అబద్ధ మాడలేదని నిద్రపోతిని. నేడు ఆ నిద్రకు సిగ్గుపడుచున్నాను.

ఇక ఈ మాటకు తెలుగే లేదా? కలదు. మన తల్లులు వాడునదే. ‘ఏమఱు’ అనగా మెలకువ తప్పుట; ‘ఏమార్చు’ అనగా ఎదుటివాని మెలకువ తప్పించుట. అబద్ధముతోనే ఏమార్చవలెనను నియమము లేదు. నిజముతోను, నవ్వుతోను, మౌనముతోను, అక్షరముల పరిమాణముతోను ఏమార్చవచ్చును. ఆ క్రియయే వినువానిని తనలో నిముడ్చుకొన్నది. ఆంగ్లేయుల మాట దారిని చూచుచున్నది. మన మాట కాపలాను చూచుచున్నది. ‘మిస్‌లీడింగ్ ప్రకటన’ కంటె ‘ఏమార్చు ప్రకటన’ యన్నచో మా పొరుగింటి తల్లికి తన దుఃఖమునకు పేరు దొరకును. తనను తాను నిందించుకొనుట మాని, “నన్ను ఏమార్చేరు” అని వేలెత్తి చూపగలదు.

గృహస్థులారా, గృహిణులారా! మన యింట ఒక నియమము పెట్టుకొందము. ఏదైన వస్తువును, సంబంధమును, చదువును గూర్చి వినినప్పుడు ‘ఇది నిజమేనా’ యని మాత్రమే యడుగక, ‘ఇది నాచేత ఏమి నమ్మింపజూచుచున్నది? అది నిజమేనా?’ యని రెండవ ప్రశ్న వేయుదము. మనమే చెప్పవలసి వచ్చినప్పుడు, ‘వినువాడు రేపు సంగతి తెలిసికొన్నచో ముందే చెప్పితివని నాకు నమస్కరించునా, చెప్పకపోతివని నా మొగము చూడక పోవునా?’ యని విచారింతము. ఇంటిలోని మందుల పెట్టెలో అసలైన ఓఆర్ఎస్ పొట్లములు రెండు, లీటరు గుర్తుగల సీసా యొకటి యుంచుడు.

ఆ బాలునికి మఱునాడు తరగతిలో సమాధానము చెప్పితిని. నల్లబల్లమీద ‘అబద్ధమైన’ యన్న మాటను తుడిచి ‘ఏమార్చునట్టి’ యని వ్రాసితిని. నిన్నటి దినమున తప్పుదారి పట్టించినవాడను నేనేనని కూడ చెప్పితిని. ఆ పిల్లవాడు పుస్తకములో పాత యర్థమును కొట్టివేసి, క్రొత్తదానిని వ్రాసికొని కూర్చుండెను.